ఏడిపించాడు సరే, ఏమన్నాడు?



కొత్త పాటల సంపుటి వెలువడిన గడియలోపలే దానిపై తీర్పులు వెలువడుతున్న కాలమిది. తానే రాసి, తానే బాణీ కట్టి, తానే పాడినవారి సంపుటి అయితే, అందులోనూ అది వియోగమో విషాదమో ఇతివృత్తంగా గలదైతే, ఆ తీర్పులన్నీ ఒక్క మాటలో ఒదిగిపోతాయి: "ఏడిపించేశాడు." దీనికి పాఠాంతరాలు రెండు మూడున్నవి. "గుండె పిండేసింది", "ఒళ్ళు జలదరించింది", ఇక నేటి యువతకు మిక్కిలి ప్రియమైన "గూస్‌బంప్స్". సరే, ఏడిపించాడు. ఏమని ఏడిపించాడు? ఏ మాట దగ్గర మీ కన్ను చెమర్చింది? ఆ చోట ఆ మాటే ఎందుకుండవలసి వచ్చింది? ఈ ప్రశ్నలకు జవాబుండదు. పైగా అడిగినవానికి పాషాణహృదయుడన్న బిరుదు దక్కుతుంది. ఆ బిరుదుకు సిద్ధపడే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

నా వాదం క్లుప్తంగా ఇది. "నేను ఏడ్చాను" అన్నది విన్నవాని క్షేమసమాచారమే గాని, పాటను గురించిన మాట కాదు. అభిమాని పాటకు బాకీపడినది కన్నీరొక్కటే కాదు. ఒక మాట కూడా. ఆ మాట ఎగవేసి కన్నీటితో లెక్క సరిపెట్టడం అభిమానం అనిపించుకోదు.

మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. "ఈ పద్యంలోని భావసౌందర్యాన్ని వివరింపుము" అని అడిగితే, "ఈ పద్యము చాలా బాగున్నది. ఇది చదివిన నాకు మిక్కిలి ఆనందము కలిగినది" అని రాసి, కింద గీత గీసి, తరువాతి ప్రశ్నకు పోయే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉండేవారు. వారు అబద్ధమాడలేదు. ఆనందం కలిగే ఉండవచ్చు. కాని అడిగింది వారి ఆనందాన్ని గురించి కాదు, పద్యాన్ని గురించి. వారికి సున్న వేయడానికి చేయాడక అర మార్కు వేసేవాణ్ణి. నేడు లోకమంతా ఆ అర మార్కు జవాబునే రాస్తున్నది. రాసి, నూటికి నూరు వేయమంటున్నది.

ఉదాహరణకు దూరదేశపు ముచ్చట ఒకటి. 2024 ఏప్రిల్ 19, శుక్రవారం నాడు అమెరికా గాయని టేలర్ స్విఫ్ట్ కొత్త సంపుటి వచ్చింది. పేరు "ది టార్చర్డ్ పొయెట్స్ డిపార్ట్‌మెంట్". తెలుగులో చెప్పుకుంటే "వేదనపడే కవుల శాఖ". కవుల పేరు వినబడింది గనుక నేనూ చెవి ఒగ్గాను. మన గడియారం ప్రకారం ఉదయం తొమ్మిదిన్నరకు పదహారు పాటలు వెలువడ్డాయి. రెండు గంటలు తిరిగేసరికి మరో పదిహేను. మొత్తం ముప్ఫై ఒకటి. అన్నీ వినడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. ఆ ఒక్కరోజునే స్పాటిఫైలో ఆ పాటలు 30 కోట్లకు పైచిలుకు మారులు మోగాయి. దోమలగూడలోని మా ఇంట్లోనూ మోగాయి; సెలవులకు వచ్చిన మా మనుమరాలి పుణ్యాన.

పది గంటలైనా కాకముందే "అందరూ ఏడుస్తున్నారు తాతయ్యా" అన్నది. "ఏ పాటకమ్మా?" అన్నాను. "మొత్తం ఆల్బమ్‌కి" అన్నది. పదహారు పాటలకు గంట పైన పడుతుందే, అరగంటలో మొత్తానికి ఎలా ఏడుస్తారు? లెక్క అడిగితే పిల్ల నవ్వేసింది. కాని ఆ పిల్లే మరునాటి సాయంత్రం, మూడో విడత విన్న తరువాత, నా దగ్గరకు వచ్చి ఇలా అన్నది: "తాతయ్యా, ఒక పాటలో ఆమె లోపల ఏడుస్తూనే వేదికమీద నవ్వుతూ ఆడవలసి వచ్చిందని చెబుతోంది. బాణీ మాత్రం పెళ్ళి ఊరేగింపులా హుషారుగా ఉంది. ఏడుపు బాణీ అయితే ఇంత బాధ అనిపించేది కాదు." చూశారా! మాటకూ బాణీకీ ఉన్న వైరుధ్యమే ఆ పాట ప్రాణమని పదిహేడేళ్ళ పిల్ల పట్టుకున్నది. మొదటి గంటలో తన మనసు ఎలా ఉన్నదో చెప్పింది. మరునాడు పాట ఎలా ఉన్నదో చెప్పింది. రెంటి మధ్యనున్న దూరం గురించే నా తగవు.

దీనికి వచ్చే ఆక్షేపణ నాకు తెలుసు. "పండితులవారూ, గానరసాన్ని పసిబిడ్డ, పశువు, పాము కూడా గ్రహిస్తాయని మీ పెద్దలే అన్నారు కదా! అనుభూతికి కారణాలు చెప్పమనడం పువ్వును తుంచి రేకులు లెక్కబెట్టడం కాదా?" అంటారు. నాదం మట్టుకైతే ఆ మాట నిజమే. వీణ వినేవాణ్ణి వ్యాఖ్యానం చెప్పమని పీడించను. కాని మనం మాట్లాడుతున్నది వాగ్గేయకారుని గురించి. వాక్కు, గేయం రెండూ కూర్చినవాడు గనుకనే వానికాపేరు. పదమూడో శతాబ్దపు "సంగీతరత్నాకరం"లో శార్ఙ్గదేవుడు మాటను "మాతువు" అనీ, బాణీని "ధాతువు" అనీ పేర్కొని, రెంటా సమర్థుడైనవాడినే ఉత్తముడన్నాడు. అతనికి ఉండవలసిన గుణాల పట్టికలో మొట్టమొదటిది రాగజ్ఞానం కాదు, తాళజ్ఞానం కాదు, శబ్దశాస్త్ర జ్ఞానం! ఆ పట్టికలోనే సార్ద్రత్వమూ ఉన్నది. అంటే గుండెలో తడి. దాని పక్కనే ఉచితజ్ఞత ఉన్నది. అంటే ఎక్కడ ఏది తగునో ఎరిగి ఉండడం. తడి లేనివాడు వాగ్గేయకారుడు కాడు; తడి ఒక్కటే ఉన్నవాడూ కాడు. పాడేవానికి ఇన్ని షరతులు పెట్టి, వినేవానికి చేతిరుమాలు ఉంటే చాలునంటే న్యాయమా?

కన్నీటిని నిందించేవాణ్ణి కాను. మన ఆదికావ్యమే శోకం నుంచి పుట్టింది. ఆ కావ్యాన్ని తొలిసారి విన్న అభిమానుల స్పందన కూడా అందులోనే నమోదై ఉన్నది. బాలకాండ నాల్గవ సర్గలో కుశలవులు మునుల సభలో రామకథను గానం చేస్తారు. మునులు ఏడ్చారు. కన్నులు నిండిపోయి "సాధు, సాధు" అన్నారు. నేటివారైతే అక్కడితో ఆగుతారు. మునులు ఆగలేదు. గానం మధురంగా ఉన్నదన్నారు. అందులోనూ శ్లోకాల మాధుర్యం విశేషమన్నారు. ఏనాడో జరిగిపోయిన దానిని కళ్ళ ఎదుట జరుగుతున్నట్లు చూపారన్నారు. రాబోయే కవులకిది ఆధారమవుతుందన్నారు. స్వరాన్ని గురించి ఒక మాట, పదాన్ని గురించి ఒక మాట, కథనాన్ని గురించి ఒక మాట, భవిష్యత్తును గురించి ఒక మాట. తరువాత ఒక ముని తన కలశాన్ని ఇచ్చాడు, మరొకరు నారచీర ఇచ్చారు. అడవిలో ఉండేవారికి అవే ఆస్తులు. తొలి వినికిడి అంటే అది! ఏడ్చారు, ఎందుకో చెప్పారు, చేతనైనది ఇచ్చారు. కన్నీరు అక్కడ మాటకు నాంది అయింది, మాటకు బదులు కాలేదు.

"అంత పాండిత్యం మాకెక్కడిది?" అనకండి. పాండిత్యం అక్కరలేదు, చెవి ఉంటే చాలు. మన ఊరి వాగ్గేయకారుణ్ణే తీసుకుందాం. కంచెర్ల గోపన్న, అనగా భక్త రామదాసు. గోల్కొండ చెరసాల మా దోమలగూడకు ఎంతో దూరం కాదు. తానీషా కాలంలో పాల్వంచ తహసీలుదారు. సర్కారు పన్ను సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి చెరపాలైనాడు. పన్నెండేళ్ళని జనశ్రుతి. ఆ చెరసాల కీర్తనల కన్నా విషాదభరితమైన పాటల సంపుటి ఈ నగరంలో పుట్టలేదు. వినినవాడు ఏడుస్తాడు, నిజమే. కాని కాస్త మాటలు వినండి. ఆ విషాదం ఎలా మాట్లాడుతున్నది? జమాఖర్చులలో మాట్లాడుతున్నది! సీతమ్మకు ఏ నగ, లక్ష్మణునికి ఏ నగ, దేనికెన్ని వరహాలు అయినాయి అని పద్దులు చదువుతాడు. రెవెన్యూ ఉద్యోగి గుండె పగిలితే లెక్కల పుస్తకమే తెరుచుకున్నది. దేవుణ్ణి దెప్పుతాడు, ఆ వెంటనే, దెబ్బలకు ఓర్వలేక అన్నాను, మన్నించమంటాడు. మరొక భక్తుడెవ్వడూ అలా ఏడవలేడు; ఎందుకంటే మరొకడు తహసీలుదారు కాడు. ఇది గ్రహించిన తరువాత ఆ కీర్తన మళ్ళీ వినండి. కన్నీరు తగ్గదు, చిక్కబడుతుంది.

మరొకటి మన కాలపుది. గద్దర్ 1995లో "ఒరేయ్ రిక్షా" చిత్రానికి అన్నాచెల్లెళ్ళ పాట రాశారు. దానికి నంది పురస్కారం ప్రకటిస్తే నిరాకరించారు. ఆ పాట వినిపిస్తే నేటికీ ఏడ్చేవారున్నారు. "సెంటిమెంటు" అని ఒక్క మాటతో దాన్ని తేల్చేస్తారు. కాదు. లోకంలో అన్న పైన నిలబడి దీవిస్తాడు, చెల్లెలు వంగి అక్షింతలు వేయించుకుంటుంది. ఈ పాటలో అన్న చెల్లెలి పాదాల దాకా దిగివచ్చి తన కోరిక చెప్పుకుంటాడు. ఇంటి పెద్దరికం తలకిందులైంది. విప్లవగీతాలు రాసిన చేయి అన్నాచెల్లెళ్ళ పాటలో కూడా ఎవరు పైన, ఎవరు కింద అన్న ప్రశ్నను వదలలేదు. కన్నీళ్ళు వచ్చింది అందుకు. ఈ సంగతి చెప్పడానికి భాషాప్రవీణ పట్టా కావాలా? రెండోసారి వింటే చాలు.

తొందరపాటు తీర్పుల వెంట మరో జాడ్యం వచ్చింది. పాట వినగానే "ఇది ఎవరిని గురించి?" అని ఆరా. పాడినవాని పాత ప్రేమలు, తెగిన పెళ్ళిళ్ళు, తగవులు తవ్వి, ఈ చరణం ఫలానావారికి, ఆ పల్లవి ఫలానావారికి అని పంచాయతీ. ఇది శ్రవణం కాదు, గూఢచర్యం. వేదన ఎవరి వల్ల వచ్చిందో తెలిస్తే పాట తెలిసినట్లా? రామదాసును చెరలో వేసింది ఎవరో అందరికీ తెలుసు. ఆ తెలివితో కీర్తన ఒక్క అక్షరం కూడా బోధపడదు. కృష్ణశాస్త్రిగారి "కృష్ణపక్షం" 1925లో వచ్చింది. ఆయన కన్నీటి ఆచూకీ వెదికినవారు లేకపోలేదు. కాని నేటికీ మనం చెప్పుకునేది వారి మాట కాదు, చలంగారి మాట. శ్రీశ్రీ "మహాప్రస్థానం"కు 1940లో రాసిన "యోగ్యతాపత్రం"లో ఆయన కృష్ణశాస్త్రి బాధనూ శ్రీశ్రీ బాధనూ పక్కపక్కన నిలిపి, ఒకరి బాధ లోకంలోకి వ్యాపిస్తుందనీ, లోకం బాధ వచ్చి మరొకరిలో చేరుతుందనీ తేడా చూపారు. చలంగారు సమతూకపు విమర్శకులు కారు, నిలువెల్లా అభిమాని. అయినా ఆ అభిమానం కవి ఇంటి గోడలకు చెవి ఆనించలేదు. బాధ నడిచే దిక్కు ఎటో చెప్పింది. ఎనభై ఏళ్ళు దాటినా ఆ మాట నిలిచింది. అభిమాని రాసినదే విమర్శగా మిగలగలదనడానికి అంతకన్న సాక్ష్యమెందుకు?

మూడవ జాడ్యం అన్నింటికన్నా ప్రమాదకరమైనది. "నాకు ఏడుపు రాలేదు" అన్నవాణ్ణి వెంటాడి కొట్టడం. ఇందాక చెప్పిన అమెరికా సంపుటిని పేస్ట్ అనే పత్రిక కటువుగా విమర్శించింది. ఆ సమీక్షకు రచయిత పేరు వేయలేదు. కారణం వారే చెప్పారు: 2019లో అదే గాయని సంపుటిపై రాసినవారికి బెదిరింపులు వచ్చాయని! పాటను గురించి పేరు పెట్టి మాట్లాడలేని స్థితికి అభిమానం తెచ్చింది. మనమేమీ తక్కువ తినలేదు. మా క్రాస్ రోడ్స్ థియేటర్ల వద్ద కటౌట్ల కింద జరిగే వాదులాటలు ఎరిగినవారికి నేను వేరే చెప్పనక్కరలేదు.

నూరేళ్ళనాడు మనవాళ్ళు ఇంతకన్నా పెద్ద తగవులే పడ్డారు, కాని మర్యాదగా పడ్డారు. నండూరి సుబ్బారావుగారి "ఎంకి పాటలు" 1925లో అచ్చయినాయి. పడుచువారు వాటిని పాడుకుంటూ ఊళ్ళు తిరిగారు. 1928లో అక్కిరాజు ఉమాకాన్తంగారు "నేటికాలపు కవిత్వం" రాసి ఆ కొత్త కవిత్వాన్ని చీల్చి చెండాడారు. ఆయన తీర్పును కాలం ఒప్పుకోలేదు. అయినా ఆ పుస్తకం నేటికీ చదవదగినదే. ఎందుకంటే ఆయన నచ్చలేదని ఊరుకోలేదు. లక్షణం చెప్పి, ఉదాహరణ ఎత్తి, దోషం చూపి వాదించారు. కారణం చెప్పినవానితో వాదించవచ్చు, వాదించి నేర్చుకోవచ్చు. కన్నీటితో వాదించేదెలా? దానికి ఎదురుమాట లేదు గనుకనే దాన్ని ఆయుధంగా వాడుతున్నారు.

ఇంతకూ ఇందులో మనకు పోయేదేమిటి? పోయేది తెలుగు మాట. అందెశ్రీగారి సంగతి తలచుకోండి. బడి మొగం చూడని బాల్యం; పశువులు కాసి, తాపీపని చేసి, పాటను నాలుకపై నిలుపుకున్న వాగ్గేయకారుడు. ఉద్యమకాలంలో ఆయన కట్టిన గీతం సభల్లో, బడుల్లో ఏళ్ళ తరబడి మోగి, 2024 జూన్ 2న రాష్ట్ర గీతంగా కొత్త స్వరసజ్జతో వెలువడింది. ఆ రోజుల్లో వినవచ్చిన తొలి అభిప్రాయాలు గుర్తున్నాయా? బాణీ కూర్చిన కీరవాణిగారు ఏ ప్రాంతంవారన్న దానిపై దుమారం. సినీ సంగీతకారుల సంఘమే అభ్యంతరం తెలిపింది. కొందరికి కొత్త బాణీ గొప్ప, కొందరికి పాత ఒరవడి గొప్ప. ఆ చర్చ కూడదనను. కాని పాటలో ఒకే పీటమీద పోతనను, రుద్రమను, కొమురం భీంను కూర్చోబెట్టాడే, రాజాస్థానాన్ని కాదన్న కవిని, రాజ్యమేలిన ఆడబిడ్డను, రాజ్యాన్ని ఎదిరించిన అడవిబిడ్డను ఒక్క ఊపిరిలో తలచాడే, ఆ కూర్పును గురించి ఎందరు మాట్లాడారు? 2025 నవంబరు 10న ఆయన కన్నుమూశారు. మళ్ళీ అదే వరుస: "గుండె బరువెక్కింది", "కన్నీళ్ళాగడం లేదు". నిజమైన దుఃఖమే, శంకించను. కాని కవి బ్రతికుండగా ఆయన మాట గురించి ఒక మాట చెప్పనివారు, పోయిన తరువాత తమ కన్నీటి గురించి పది మాటలు చెప్పారు.

మా పక్కనే అశోక్‌నగర్‌లో, నగర కేంద్ర గ్రంథాలయం చుట్టూ, ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు వేలల్లో ఉంటారు. రాష్ట్ర గీత రచయిత ఎవరంటే తక్కున చెప్పగలరు. ఆ గీతంలో మీకు నచ్చిన మాట ఏదంటే తెల్లబోతారు. తప్పు వారిది కాదు. అడిగినవాడు లేడు. వినేవాడు మాటను పట్టించుకోడని తెలిసిన నాడు రాసేవాడు కూడా మాటకోసం రాత్రులు మేలుకోవడం మానేస్తాడు. ఏడుపు తెప్పించడానికి వయొలిన్ నాలుగు తీగలు చాలు, నెమ్మది లయ ఒకటి చాలు, తెలుగెందుకు? ఇప్పుడు వస్తున్న పాటలు అనేకం ఆ దారి పట్టినవే. దానికి గాయకులను మాత్రమే తిట్టి లాభం లేదు. మనం ఎంత అడిగితే వారంత వడ్డిస్తారు.

కనుక నా మనవి ఒక్కటే. కొత్త సంపుటి వచ్చిన రోజు వినండి, ఏడవండి, కాదనను. ఆ పూటకు నోరు కట్టుకోండి. రెండోనాడు మళ్ళీ వినండి. ఈసారి మాటలు ఎదుట పెట్టుకుని వినండి. మిమ్మల్ని తాకిన మాట ఏదో వేలుపెట్టి చూపండి. అది ఎందుకు తాకిందో మీకు చేతనైన తెలుగులో ఒక్క వాక్యం చెప్పండి. తాకకపోతే తాకలేదని చెప్పండి, చెప్పినవానిమీద విరుచుకుపడకండి. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో కచేరీ ముగిశాక మెట్లమీద నిలబడి, "ఆ రెండో చరణంలో ఆ మాటను అలా విరవకుండా ఉండవలసింది" అని గొణుక్కునే ముసలివారు ఇంకా ఒకరిద్దరున్నారు. లోకానికి వారు చాదస్తులు. పాడినవాడు మాత్రం ఆ మెట్లు దిగుతూ చెవి ఒగ్గేది వారి గొణుగుడుకే.

స్వస్తి.